సమ్మక్క సముద్రం కిందికి పోయిన పూట

టూర్ మేనేజర్ ఉద్యోగమంటే దీవులు తిరగడం, బీచిలో కొబ్బరిబోండాం తాగడం, నెల కాగానే జీతం తీసుకోవడం అనుకుని ఈ మధ్య కొందరు పిల్లలు నా దగ్గరికి సలహాకు వస్తున్నారు. వాళ్ళ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది, నిజం చెప్పబుద్ధి కాదు. చెప్పకపోతే మాత్రం రేపు ఏ బాలి విమానాశ్రయంలోనో కారిపోతున్న ఆవకాయ డబ్బా చేత్తో పట్టుకుని నన్ను తిట్టుకుంటారు. అందుకే రాస్తున్నాను.

నేను ఖమ్మంలో ఒక టూర్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో మా బస్సు భద్రాచలం, పర్ణశాల దాటి పోయేది కాదు. తర్వాత కాశీకి పోయింది, రామేశ్వరానికి పోయింది. ఆపైన జనం చేతికి పాస్‌పోర్టులు వచ్చాయి, ఫోన్లలోకి నీలం సముద్రాలు వచ్చాయి, మేమూ అండమాన్‌కూ బాలికీ ఎగిరాం. ఊళ్ళు మారాయి గాని ఉద్యోగం మారలేదు. పర్ణశాలలో దిగినా బాలిలో దిగినా జనం ముందుగా అడిగేది ఒకటే: "సార్, బాత్రూం ఎటు?"

దానికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాడే టూర్ మేనేజర్. చరిత్ర, భూగోళం తీరిగ్గా నేర్చుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్తాను. మనుషులు ఎంత దూరం పోయినా తమ ఊరిని వెంటబెట్టుకునే పోతారు. సారపాక దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కగానే కిటికీలోంచి నీళ్ళల్లో రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకోవడం మన వాళ్ళకు అలవాటు. అండమాన్‌లో ఓడ ఎక్కించిన మొదటిసారి బూర్గంపాడు ముసలమ్మ ఒకావిడ బిళ్ళ చేతిలో పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చుంది. "ఎప్పుడెయ్యాలె నాయనా? నడుమ ఎప్పుడొస్తది?" అని గంటకోసారి అడిగేది. సముద్రానికి నడుమ ఎక్కడుంటుందో నాకు మాత్రం ఏం తెలుసు? చివరికి మధ్యాహ్నం భోజనాలయ్యాక "ఇదే నడుమ" అని ప్రకటించాను. ఓడలో ఉన్న మన జిల్లా వాళ్ళంతా లేచి వచ్చి బిళ్ళలు వేశారు.

మా పెద్దసారు

మా ఆఫీసు ఓనరు సత్తుపల్లి వైపు మనిషి. అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయనకు నీళ్ళంటే భయం. భద్రాచలం బ్రిడ్జి మీద కారు పోతుంటే అద్దాలు ఎక్కించి కళ్ళు మూసుకునేవాడు. అలాంటి మనిషి బాలి గురించి కరపత్రం రాస్తే చదివినవాడికి ఇంట్లో కూర్చున్నా ఒళ్ళు తడిసేది. "చేపలతో ముచ్చటాడండి! అగ్నిపర్వతం నెత్తిన నిలబడండి!" అని రాసి, తనే ఒకసారి చదువుకుని మురిసిపోయేవాడు.

ఆయన నాకు నేర్పిన వ్యాపార సూత్రం ఒకటుంది. "కస్టమర్‌కి సముద్రం చూపించవయ్యా, లోతు చెప్పకు." తప్పు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకోండి. లోతు ముందే చెప్పండి. భయపడేవాళ్ళు ఒడ్డున గౌరవంగా కూర్చుంటారు, దిగాలనుకున్నవాళ్ళు తెలిసి దిగుతారు. చెప్పకుండా తీసుకుపోతే పడవ మీద ఏడుపులు, మొక్కులు మొదలవుతాయి. ఆ మొక్కులన్నీ తర్వాత మనమే తీర్చాలి.

ఒకసారి ఆయన బాలి ప్రోగ్రాంలో చివరి రోజు పొద్దున డైవింగు, సాయంత్రం విమానం పెట్టాడు. సిలిండర్ తగిలించుకుని సముద్రంలోకి దిగినవాళ్ళు ఆ రోజు విమానం ఎక్కకూడదు, ఒంట్లోకి ఎక్కిన గాలి నెమ్మదిగా బయటికి పోవాలి అని చెప్పాను.

"ములిగినోడు ఎగరకూడదా? ఇదెక్కడి రూలయ్యా?"

"అక్కడి డైవింగు వాళ్ళ రూలు సార్. ప్రాణానికి ముప్పు."

"మన జిల్లా వాళ్ళకి ఒంట్లో గాలి ఎప్పుడూ ఉండేదే. ఒక రోజు ఆగితే దిగేదా అది?"

ఆయనతో వాదించి లాభం లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. డైవింగును ముందుకు జరిపి ప్రోగ్రాం అచ్చుకు పంపేశాను. చూసి నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆఫీసుకు వచ్చిన ప్రతివాడితోనూ తనే కనిపెట్టినట్టు, "ములిగినోడు ఎగరకూడదండీ, సైన్సు!" అనడం మొదలుపెట్టాడు. బాసులతో ఇంతే. పని జరిగితే చాలనుకోండి, పేరు కోసం చూడకండి.

సమ్మక్క అడిగిన ప్రశ్న

ఆ ప్రోగ్రాం మీద వెళ్ళిన మొదటి బ్యాచి బొగ్గు గనుల వాళ్ళది. కొత్తగూడెం, మణుగూరు వైపు నుంచి రిటైరైన కార్మికులు, వాళ్ళ భార్యలు. అందులో రాజమల్లన్న, సమ్మక్క ఉన్నారు. రాజమల్లన్న గనిలో మైనింగ్ సర్దార్‌గా చేశాడు. అంటే కింద ముఠాను నడిపే మనిషి. పైకప్పు ఎట్లా ఉంది, గ్యాసు వాసన వస్తోందా అని చూసి, పదండి అంటే అందరూ పోవాలి, ఆగండి అంటే ఆగాలి. రిటైరయ్యాక కూడా ఆ గొంతు ఆయనతోనే ఉండిపోయింది. బజారులో కూరగాయల వాళ్ళు కూడా ఆయన మాటకు ఠక్కున ఆగేవాళ్ళు. ఒక్క సమ్మక్క మాత్రం ఆగేది కాదు. ఆమె నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళు ఆ బ్యాచిలో ఎవరూ లేరు.

బుకింగ్ రోజు ఆమె పెద్దసారు రాసిన కరపత్రం నా బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది.

"తమ్మీ, ఇందుల నీళ్ళ కిందికి తీస్కపోతరని రాసిన్రు. నిజమేనా?"

"నిజమే అక్కా."

"ఎంత కిందికి?"

"మీ ఇంటి డాబా ఎంత ఎత్తుంటుందో అంత లోతుకి."

"మా ఆయన పోయినంత కాదన్నట్టు."

"అంత కాదు."

"పర్వలే. కింద అనిపించుకుంటె సాలు."

రాజమల్లన్న కుర్చీలో కదిలాడు. "నీళ్ళల్ల దిగేది లేదు, ఏం లేదు. కొండ సూద్దం, గుడి సూద్దం, వద్దం. నేనైతె సంతకం పెట్ట."

"నీ సంతకం ఎవలడిగిన్రు? నాకు రాదా సంతకం?" అని ఆమె నా పెన్ను లాక్కుంది.

తర్వాత విమానంలో నా పక్క సీటు ఖాళీగా ఉందని వచ్చి కూర్చుని అసలు సంగతి చెప్పింది. ముప్పై ఏండ్లు ఆయన షిఫ్టుకు పోయి వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో, కింద ఎట్లుంటది అని ఆశగా అడిగేది. ఆయన బూట్లు విప్పుతూ ఒకే జవాబు చెప్పేవాడట: "ఏముంటది కింద? నల్లగుంటది. అన్నం పెట్టు." మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైంది" అనేవాడట. అంతటితో ఆ రోజుకు గని సంగతి అయిపోయేది.

"ఏళ కాని ఏళ సైరన్ మోగితె వాడకట్టు వాడకట్టంత బాయి కాడికి ఉరికేది తమ్మీ. మా ఆయన మీదికొచ్చిందాక నాకు పానం పానంల ఉండకపోయేది. ఆయనొచ్చి ఏం గానట్టు అన్నం పెట్టమనేటోడు. ఇప్పుడు ఆడివిల్లలు గూడ బాయిల దిగుతున్నరంట. నాకా వయసు దాటిపాయె. ఒక్కసారన్న కిందికి పోయి, అది ఎట్లుంటదో నా కండ్లతోని సూడాలె."

బాయి అంటే వాళ్ళ మాటలో బొగ్గు గని; వేళ కాని వేళ సైరన్ మోగిందంటే కింద ప్రమాదం జరిగినట్టు. దిగాలనుకున్నవాళ్ళు డాక్టరుకు చూపించుకుని రావాలని నేను అందరికీ చెప్పాను. ఆ మాట విని దవాఖానాకు పోయి గుండె, చెవులు, ఊపిరితిత్తులు పరీక్ష చేయించుకుని వచ్చింది ఆ బ్యాచి మొత్తంలో సమ్మక్క ఒక్కతే.

గుడ్లు ఉడికే కొండ

డైవింగు కంటే ముందు రోజు అగ్నిపర్వతం ఎక్కే కార్యక్రమం. ఆ కొండ మీద రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తూ ఉంటుంది. అక్కడి గైడు సంచిలో కోడిగుడ్లు తెచ్చి ఆ ఆవిరిలో ఉడికించి ఎక్కినవాళ్ళకు పెడతాడు. పైన గుడ్డు తిని ఫోటో దిగడం ఆనవాయితీ.

మావాళ్ళు బాగానే ఎక్కారు. అందరికంటే ముందు రాజమల్లన్న. చిట్టచివరన ఆయాసపడుతూ, ఆ ఆయాసంలోనూ మాట్లాడుతూ సమ్మక్క. కొస ఇంకా నాలుగడుగులుందనగా గాలి ఇటు తిరిగింది. గంధకం వాసన గుప్పుమంది. రాజమల్లన్న ఆగాడు. ముక్కు పైకెత్తి రెండుసార్లు పీల్చాడు. చెయ్యి పైకి లేపాడు.

"ఆగున్రి! గ్యాసు! అందరు ఎన్కకు తిరుగున్రి!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. బ్యాచి మొత్తం గిర్రున తిరిగి వరసగా దిగడం మొదలుపెట్టింది. మా వెనక వస్తున్న ఎవరో తెల్లదొర, దొరసాని కూడా భయపడి మా వరసలో కలిశారు. నేను ఉరికి ఆయన్ను పట్టుకున్నాను.

"అన్నా, ఇది అగ్నిపర్వతం. పొగ రావడానికే ఉంది. ఆ పొగ చూడ్డానికే వచ్చాం."

"పొగొస్తుంటె మీదికి పోవుడేంది తమ్మీ? నీకేమన్న తెలివున్నదా?"

 గైడు పైన నిలబడి గుడ్లు చూపిస్తూ పిలిచాడు. ఎవరూ తిరిగి చూడలేదు. పాపం, కాసేపాగి అతనే ఒక గుడ్డు ఒలుచుకుని తిన్నాడు.

బస్సులో సమ్మక్క వాయించిన వాయింపుకు డ్రైవరుకు తెలుగు రాకపోయినా రాజమల్లన్న మీద జాలేసింది. "కండ్ల ముంగట ఉండె కొన! ఇంత దూరమొచ్చి గుడ్డు గూడ తిననియ్యకపోతివి. రేపు నీళ్ళ కాడ చెయ్యెత్తినవో, ఆ చెయ్యి నీది గాదు."

ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. మెడలో బ్యాడ్జి వేసుకున్నవాడే నాయకుడని మీరనుకుంటారు. ప్రతి బ్యాచిలోనూ బ్యాడ్జి లేని నాయకుడు ఒకడుంటాడు. వాణ్ణి మొదటి రోజే కనిపెట్టి, ఏదో ఒక పని అప్పజెప్పి మంచి చేసుకోండి. లేకపోతే కొండ మీద మీరూ మీ గుడ్లూ మిగులుతారు.

ముక్కు, ఊపిరి

డైవింగు నేర్పే కుర్రాడి పేరు వాయన్. నడుం లోతు నీళ్ళల్లో నిలబెట్టి అభ్యాసం చేయించాడు. అతని మాటలు నేను తెలుగులో చెప్తున్నాను. మొదటి సూత్రం: గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తూ వదులుతూ ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రెండో సూత్రం: చెవులు నొప్పి పెడితే ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదాలి.

ముక్కు పట్టుకోవాలి గాని ఊపిరి పట్టకూడదు. ఈ మాట గోదావరి మనిషికి చెప్పి చూడండి. మనకు నీళ్ళల్లో మునగడం అంటే ముక్కు మూసి, ఊపిరి బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని మూడు మునకలు. నడక వచ్చిన నాటి నుంచి రేవులో నేర్పేది అదే. సమ్మక్క ఆ రబ్బరు డ్రస్సులో మంగళసూత్రం లోపలికి దోపుకుని, అద్దాల కింద బొట్టు సర్దుకుని, సరిగ్గా అదే చేసింది. మూడు మునకలు మునిగింది, లేచింది, సూర్యుడికి దండం పెట్టింది.

"గొట్టంలోంచి పీల్చావా అక్కా?"

"నీళ్ళల్ల ఊపిరి పీల్సుడేంది తమ్మీ? చిన్నప్పుడు గట్ల జేస్తె మా అవ్వ ఈపు పలగ్గొట్టేది."

మళ్ళీ ప్రయత్నించాం. మళ్ళీ మూడు మునకలు, దండం. ఎన్నిసార్లు చెప్పినా నీళ్ళు ముఖానికి తగలగానే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. వాయన్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈమెను లోపలికి తీసుకుపోవడం కుదరదన్నాడు. అతను చెప్పింది న్యాయమే. ఆ మాట నేనే సమ్మక్కకు చెప్పాల్సి వచ్చింది. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిన మాటల్లో అదొకటి.

ఆమె గొట్టం నోట్లోంచి తీసింది. "నిన్న కొండ పాయె. ఇయ్యాల ఇది పాయె. ఎప్పటికి మీద ఉండుడే నా నొసట రాసున్నది" అని గొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకుంది, తీసి ఇవ్వబుద్ధి కానట్టు.

ఇసుకలో తలకు తువ్వాల చుట్టుకుని కూర్చున్న రాజమల్లన్నకు ఇదంతా పండగలా ఉంది. "నేను చెప్పలే? కిందికి పోవుడంటె అందరితోని అయ్యే పని గాదు!" అని అరిచాడు.

సమ్మక్క గిర్రున తిరిగింది. గొట్టం నోట్లో ఉన్న సంగతి మరిచిపోయి అందుకుంది తిట్టడం. మాట ఒక్కటీ బయటికి రాలేదు గాని గొట్టం పక్కల నుంచి గాలి బుస్సు బుస్సుమని తన్నుకొచ్చింది. తిట్టు తిట్టుకూ మధ్య ఊపిరి తీసుకోవాలి కదా, అదీ ఆ గొట్టంలోంచే తీసుకుంది. వాయన్ కళ్ళు పెద్దవయ్యాయి. నా భుజం పట్టుకుని కుదిపాడు.

"అక్కా, ఆపకు! ముఖం నీళ్ళల్ల పెట్టి తిట్టు!" అని అరిచాను.

గొట్టం తీసి, "ఎవల్ని?" అంది.

"అది కూడా నేనే చెప్పాలా?"

ముఖం నీళ్ళల్లో పెట్టింది. బుడగలు మొదలయ్యాయి. ఆగలేదు. పెళ్ళినాటి నుంచి దాచుకున్నవన్నీ వరసగా వస్తున్నట్టున్నాయి. మధ్యలో కాస్త మందగిస్తే రాజమల్లన్నను పిలిచి మోకాటి లోతులో ఆమె ఎదురుగా నిలబెట్టాం.

"నన్నెందుకు నిలవెట్టిన్రు?"

"ఊపిరి కోసమన్నా. కదలకుండా ఉండు."

వాయన్ ఆమెకు అద్దాల్లో చేరిన నీళ్ళు బయటికి పంపడం నేర్పాడు, చెవులు సరిచేసుకోవడం నేర్పాడు, ఒకటికి పదిసార్లు చేయించి చూశాడు. తర్వాత పడవ వైపు చెయ్యి చూపించాడు.

బుడగలు

రాజమల్లన్న పడవ ఎక్కుతాడని ఎవరూ అనుకోలేదు. లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ వేసుకుని వచ్చి అంచు పట్టుకుని కూర్చున్నాడు. సమ్మక్క తాడు పట్టుకుని వాయన్‌తో కలిసి నీళ్ళల్లోకి దిగింది. తల మునిగింది. వెంటనే బుడగలు లేచాయి.

"ఏం జేస్తుండొచ్చు తమ్మీ?"

"తిడుతోందన్నా. చూడు, ఎట్లా వస్తున్నాయో."

"అవ్, అవ్. మస్తు తిడుతున్నది" అని తృప్తిగా తలూపాడు.

కాసేపు అలాగే బుడగల మీద జోకులు వేసుకున్నాం. పెద్ద బుడగ వస్తే, అది మీ అమ్మను తిట్టిన తిట్టు అన్నాను. ఆయన నవ్వాడు. అంతలో మబ్బు అడ్డం వచ్చింది. నీళ్ళు నల్లబడ్డాయి, అలలు లేచాయి, బుడగలు కనబడలేదు.

"ఏవి? బుడగలేవి?"

"ఉంటాయన్నా. అటు జరిగి ఉంటారు."

"ఉంటయి అంటె? నీకు గనవడుతున్నయా?"

నాకు కనబడటం లేదు. ఆ మాట చెప్పకుండా అవతలి అంచుకు పోయి వంగి చూశాను. ఆయన లేచి నిలబడ్డాడు. పడవవాడు కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాడు. టైం కాలేదా అన్నాడు, ఎవలన్న పోయి సూడున్రి అన్నాడు. 

"తమ్మీ, నేనెన్నడు గిట్ల మీద ఉండలే. కింద ఏమైతదో నాకెరుకే. మీద గిట్లుంటదని నాకెరుక లేదు."

అంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది. ఆ మాటతో పోయింది. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోగా ఆయన రెండు జాకెట్లూ విప్పి అవతల పడేసి అంచు మీద కాలు పెట్టాడు. ఆయనకు ఈత రాదు. పడవవాడు ఒక కాలు, నేనొక కాలు పట్టుకుని వేలాడాం.

"ఇడువున్రి! సమ్మక్కా!"

"ఏమాయె గీయనకు?"

గొంతు పడవకు ఇవతలి పక్క నుంచి వచ్చింది. తిరిగి చూస్తే సమ్మక్క నీళ్ళ మీద తేలుతూ ఉంది. పక్కన వాయన్ నవ్వుతున్నాడు. అద్దాలు తీసేసరికి ముఖం మీద గుండ్రంగా గీతలు పడి ఉన్నాయి.

"నీ కోసం దూకుతున్నాడక్కా" అన్నాను, కాలు వదలకుండా.

ఆమె పడవ అంచు పట్టుకుని ఆయనకేసి చూసింది. "ఒక్క పూట గూడ కాలేదు గద" అంది, మెల్లగా.

పడవలోకి లాగాం. తువ్వాల ఇచ్చాం. తిడుతుందని ఎదురుచూశాం. తిట్టలేదు. ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. జుట్టు పిండుకుంది, బొట్టు ఉందా అని వేలితో తడుముకుంది, సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. రాజమల్లన్న ఆమెకు ఎదురుగా చతికిలబడ్డాడు. 

"ఏం సూసినవే కింద?"

ఆమె చెవుల్లో నీళ్ళు దులుపుకుంది.

"చేపలున్నయా? రంగురంగులవి ఉంటయంటరు గద. ఎట్లుంటది కింద? చెప్పరాదే."

సమ్మక్క తువ్వాల పక్కన పెట్టింది.

"ఏముంటది కింద? నీళ్ళుంటయి. అన్నం పెట్టు."

  రాజమల్లన్న మా వెంట వచ్చిన వంటమనిషి కట్టిచ్చిన డబ్బా ముందుకు లాక్కున్నాడు. మూత తీశాడు. పళ్ళెం తుడిచి పులిహోర పెట్టాడు, అంచున ఆవకాయ ముక్క వేశాడు, రెండు చేతులతో అందించాడు.

ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆయనకేసి చూసింది.

"ఉప్పు తక్కువైంది" అంది.